బంతిలో వలపక్షం

ఓడకు 97 రోజులు

గాలి జల్లెళ్లు మూడూ దులిపాను. మంచు తవ్వే యంత్రానికి రెండో పన్ను మళ్లీ అరిగితే మార్చాను. వ్యాయామపు బల్ల స్ప్రింగులు సరిచూశాను. ఏ పని ఎవరు చేశారో ఈ లాగ్‌లో రాయాలని నియమం ఉంది కానీ, ఏడో గట్టులో ఉన్న మనిషిని నేనొక్కదాన్నే. కోరాడ అప్పలకొండ, నలభై ఒక్కేళ్లు. అన్నీ నేనే చేశాను. ఒంటికాయ సొంటికొమ్ము బతుకు.

కింద భూమ్మీద వాళ్ల కాగితాల్లో దీని పేరు బారెడు ఉంటుంది. మేం గట్టు అంటాం. సూర్యుడికి దూరంగా తిరిగే ఈ మంచురాళ్ల వరసలో రాయికొక గట్టు, గట్టుకొక మనిషి.

మధ్యాహ్నం బంతికి కూర్చున్నాం. మేం అంటే నేను, ఎనిమిదో గట్టులో పోశెట్టన్న. నా తెర మీద అతని పళ్లెం, అతని తెర మీద నా పళ్లెం. మాట వెళ్లి జవాబు రావడానికి తొమ్మిది సెకన్లు పడుతుంది. ఆ తొమ్మిది సెకన్లలో ఒక ముద్ద నమిలి మింగొచ్చు, కాబట్టి భోజనం దగ్గర మాట్లాడుకోవడమే మాకు అచ్చొచ్చింది. మూడేళ్లలో ఒక్క రోజు తప్పలేదు. మాకు ముందున్నవాళ్లు కూడా ఇలాగే బంతి కట్టేవారట. ఇక్కడ అసలు తిండి మధ్యాహ్నానిదే. పొద్దున గ్లాసుడు జావ, సాయంత్రం గ్లాసుడు పాలు, అంతే.

పోశెట్టన్నది ఆర్మూరు వైపు. వయసు యాభై నాలుగు. నాది విజయనగరం. కింద ఎక్కడైనా రైల్లో ఎదురెదురుగా కూర్చున్నా పలకరించుకునేవాళ్లం కాదేమో. ఇక్కడ అతను అన్న, నేను చెల్లె.

ఇంకో తొంభై ఏడు రోజుల్లో ఓడ వచ్చి అతన్ని తీసుకుపోతుంది. నా వంతు ఆ తర్వాత రెండేళ్లకు. అతని చోటికి ఇంకెవరూ రారు, ఎనిమిదో గట్టును యంత్రాలే నడుపుతాయట. ఆరో గట్టు మూసేసి నాలుగేళ్లయింది, ఎనిమిది దాటితే గట్లే లేవు. ఈ లెక్క చెయ్యడం మానేశాను.

ఓడ ఎక్కాలంటే గుంజీళ్ల పరీక్ష నెగ్గాలి. ఇక్కడ మనిషి బరువు పదో వంతే. కింద దిగేటప్పుడు అసలు బరువు, దానికి రెండింతలు, ఒక్కసారిగా మీద పడతాయి. అందుకని స్ప్రింగుల బల్ల మీద పూర్తి బరువు పెట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా వరసగా పది గుంజీళ్లు తియ్యాలి. తొమ్మిది తీస్తే ఓడ మనల్ని వదిలేసి వెళ్లిపోతుంది. పోశెట్టన్న రోజూ రెండు గంటలు బల్ల మీదే ఉంటాడు. అయినా నెలన్నరగా ఆరు దగ్గర ఆగిపోయాడు.

సాయంత్రం కింది నుంచి డాక్టరమ్మ నీరజాక్షి గారి సందేశం వచ్చింది. ఆవిడ మాట ఇక్కడికి చేరడానికి ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది కాబట్టి అన్నీ ఒకేసారి చెప్పేస్తారు. పోశెట్టన్న చేత కార్బ్ సైక్లింగ్ చేయిస్తారట. వారంలో మూడు రోజులు, అంటే కాళ్లకు బరువు పెట్టే రోజుల్లో, పళ్లెం నిండా అన్నం. మిగిలిన నాలుగు రోజులు మెతుకు ముట్టకూడదు, పప్పు, గుడ్డు, ఆకుకూర మాత్రమే. నేనేమో ఏడు రోజులూ సమానంగా అన్నం తినాలి. వారానికి ఇద్దరి బియ్యం తూకమూ ఒకటే, వ్యాయామమూ ఒకటే. ఎవరి కాళ్లు గట్టిపడతాయో చూస్తారు. ఇద్దరిలో ఎవరూ పట్టిక మార్చొద్దని రెండుసార్లు చెప్పారు.

నేను విజయనగరంలో పదకొండేళ్లు జిమ్ నడిపినదాన్ని. ఈ సైక్లింగ్ పేరుతో నా బుర్ర తినని వాళ్లు లేరు. ఒకావిడ ఈరోజు నాకు అన్నం లేని రోజండీ అని డబ్బాలో నాలుగు ఉడికించిన గుడ్లు తెచ్చుకుని, ఇంటికి వెళ్తూ వీధి చివర పునుగులు తినేది. పునుగులు లెక్కలోకి రావట. బరువెత్తే రోజు అన్నం తిని వస్తే రెండు ఎత్తులు ఎక్కువ లేస్తాయి, అది నాకూ తెలుసు. కానీ వారం మొత్తానికి తిన్నది అంతే అయినప్పుడు అటు తిప్పి ఇటు తిప్పి తింటే ఒరిగేదేమిటి? అదే మాట డాక్టరమ్మకు చెప్పాను. అందుకేనండీ చూస్తున్నది అన్నారు, యాభై నిమిషాల తర్వాత.

ఓడకు 93 రోజులు

నిన్న పోశెట్టన్నకు అన్నం లేని మొదటి రోజు. బంతికి రాలేదు. పంపు కారుతోంది, మధ్యాహ్నం తీరదు అని ఒక ముక్క పంపాడు. సరే అనుకున్నాను.

ఈరోజూ రాలేదు. ఈరోజు కూడా పంపేనట.

అతని పళ్లెం కనిపించే చోట నల్లటి తెర. నేను తింటున్న చప్పుడు నాకే వినబడింది. మూడేళ్లుగా ఇంత చప్పుడు చేస్తూ తింటున్నానని అతనైనా చెప్పలేదు.

ఓడకు 82 రోజులు

వారానికి మూడు రోజులు వస్తాడు. ఆ మూడు రోజులూ బాగా తింటాడు, బాగా మాట్లాడతాడు, మా ఊళ్లో చింతకాయ తొక్కులో ఏమేం వేస్తారో మళ్లీ మొదటినుంచీ చెప్పించుకుంటాడు. మిగిలిన నాలుగు రోజులు పంపో, జల్లెడో, తలనొప్పో.

నాకు కోపం వచ్చింది. నిన్న బంతి దగ్గర అడిగేశాను.

"ఏటన్నా, నాలుగేసి రోజులు అజాపజా లేవు. నేనంటే మొహం మొత్తేసిందేటి?"

తొమ్మిది సెకన్లు చూశాను. అతను నవ్వి, పని ఒత్తిడని చెప్పి, మజ్జిగ తాగి లేచిపోయాడు. పొమ్మనలేక పొగపెట్టినట్టు ఉంది. వెళ్లిపోయేవాడు కదా, ముందే తెంచుకుంటున్నాడు అనుకున్నాను. రైలు దిగే స్టేషను ఇంకా గంట ఉండగానే సామాను సర్దుకుని తలుపు దగ్గర నిలబడేవాళ్లు కొందరుంటారు.

వారం పరీక్షలో అతనివి అయిదు గుంజీళ్లు. నావి పన్నెండు. ఒళ్లు అలవాటు పడుతోంది, ఓపిక పట్టమన్నారు డాక్టరమ్మ.

ఓడకు 71 రోజులు

నాలుగు.

అతని మొహం పీక్కుపోయింది. దవడ ఎముక కనిపిస్తోంది. డాక్టరమ్మకు ఏమీ పాలుపోవడం లేదు. పట్టికలో ఉన్నవన్నీ తింటే ఎవరూ ఇలా తగ్గరట, రక్తం పరీక్ష మళ్లీ చెయ్యమన్నారు.

రాయకూడదు కానీ రాస్తున్నాను. అడిగితే తప్ప కింద ఎవరూ ఈ లాగ్ చదవరు. ఈరోజు అతను బల్ల మీద అయిదోది తియ్యబోయి, సగంలో ఆగి, పక్క కడ్డీ పట్టుకున్నప్పుడు నాకు సంతోషమేసింది. పాపిష్టిదాన్ని. పైకి అయ్యో అన్నాను. లోపల మాత్రం, ఇతను ఓడ ఎక్కలేడు, ఇక్కడే ఉంటాడు, ఇంకో రెండేళ్లు నాకు బంతి ఉంటుంది అనుకున్నాను. వారానికి మూడు రోజులైనా సరే.

ఆ సంతోషంతోనే రెండు గంటలు పనిచేశాను. యంత్రానికి రెండు పళ్లు మార్చాను.

ఓడకు 64 రోజులు

నెలకోసారి పక్క గట్టు వంటగదిని మనం తనిఖీ చెయ్యాలి, మన వంటగదిని వాళ్లు చెయ్యాలి. ఒంటరిగా ఉన్నవాళ్లు పిచ్చెక్కి ఏదైనా చేసుకుంటే తెలియాలని పెట్టిన పద్ధతి. అతని సరుకుల జాబితా ఈరోజు నా దగ్గరికి వచ్చింది. బియ్యం సరిపోయింది. ఉప్పు, నూనె, ఎండుమిర్చి సరిపోయాయి.

అన్నం లేని రోజులకని ఇచ్చిన పప్పు పొట్లాలు పంతొమ్మిది వాడి ఉండాలి. రెండే వాడాడు. గుడ్డు పొడి డబ్బాకు సీలు కూడా తియ్యలేదు.

అంటే ఆ నాలుగు రోజులు అతను ఏమీ తినడం లేదు. పొద్దున జావ తాగి రెండు గంటలు బల్ల ఎక్కి, పాలు తాగి పడుకుంటున్నాడు. కార్బ్ సైక్లింగూ కాదు, వల్లకాడూ కాదు, వారంలో నాలుగు రోజుల ఉపవాసం. ఇంక కాళ్లెక్కడుంటాయి?

జాబితా కింద "తేడా ఏమైనా ఉందా" అనే గడి ఉంటుంది. తేడా ఉంటే అందులో రాయాలి. డాక్టరమ్మకు వెంటనే తెలిసిపోతుంది. రెండు నెలల టైముంది, రేపటి నుంచి తిండి పెట్టి కూర్చోబెడితే మనిషి లేస్తాడు.

ఆ గడి ఖాళీగా వదిలి పంపేశాను.

ఓడకు 53 రోజులు

పదకొండు రోజులైంది. ఇంకా ఎవరికీ చెప్పలేదు. నిన్నటి పరీక్షలో అతనివి మూడు.

ఈరోజు అన్నం రోజు కాబట్టి బంతికి వచ్చాడు. తినడం అయ్యాక, నా భార్య సందేశం వచ్చింది, చూస్తావా అన్నాడు. గంగవ్వ నెలకోసారి సందేశం పంపుతుంది, అందులో సగం పంటినొప్పి గురించే ఉంటుంది. ఈసారి పంటి మాట లేదు. ఓడ ఎక్కనేమోనని ఇతను ముందే చెప్పేశాడట. దానికి జవాబు. సరే తియ్, ఇన్నేండ్లు ఉన్నం గద, ఇంక రెండేండ్లు ఎంతసేపు, నువ్వు పైలంగుండు అంది. అంతటితో అయిపోవాలి. కానీ ఆవిడ కెమెరా ఆపడం మరిచిపోయింది. చేట ముందుకు లాక్కుని కందిపప్పులో రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. కాసేపటికి చేతులు ఆగిపోయాయి. చేటలోకి చూస్తూ అలాగే కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో నేను లెక్కపెట్టలేదు.

పోశెట్టన్న దాన్ని ఆపి, నన్ను ఓదార్చడానికన్నట్టు నవ్వాడు.

"నువ్వొక్కదానివే ఉంటవని నాకు మనసుల కొడుతుండె చెల్లె. పోనియ్. ఇగ నేను యాడికీ పోత లేను."

నేను ఇన్నాళ్లుగా దాచుకున్న కోరికను అతను నాకు బహుమానంగా ఇస్తున్నాడు. పళ్లెం పక్కకు నెట్టేశాను. పప్పు పొట్లాలు పదిహేడు ఎందుకు మిగిలాయని అడిగాను. ఆ నాలుగు రోజులూ పంపు కారలేదు కదా అని అడిగాను. అతను తల వంచుకున్నాడు.

"బంతిల వలపక్షం ఉండొద్దు చెల్లె. నా పళ్లెంల బువ్వ లేకుంట నీ ముందట కూసుంటే నీకు ముద్ద దిగుతదా? నువ్వు సుత అన్నం పక్కకు పెడ్తవ్. డాక్టరమ్మ పట్టిక చెడిపోతది."

మరి నా ముందు కూర్చోకపోతే పోయావు, నీ గదిలో నువ్వు తినొచ్చు కదా అన్నాను.

"ఒక్కన్నే కూసుంటే తినబుద్ది గాదు. ముద్ద నోట్ల వెట్టుకుంట, నమల బుద్ది గాదు. మూడేండ్ల సంది నీతోనే తింటున్న గద."

మొహం మొత్తిందనుకుని నెలన్నర అలిగాను. అతనేమో నా ముద్ద గొంతులో అడ్డం పడకూడదని కడుపు మాడ్చుకున్నాడు.

అతను చెప్పినదాంట్లో తప్పులేదు. మా వైపైనా అంతే. పెళ్లిలో ఒక విస్తట్లో బూరి వేసి పక్క విస్తట్లో వెయ్యకపోతే బంతి బంతంతా లేచిపోతుంది. వడ్డించేవాడి మీద అరుస్తాం కానీ, పక్కవాడు ఖాళీ విస్తరి ముందు కూర్చుంటే మనం తినం. ఈ పట్టిక గీసినప్పుడు డాక్టరమ్మకు అన్నం గ్రాముల్లో తెలిసింది, మేం ఒక వరసలో కూర్చుని తింటామని తెలియలేదు. నాకైనా తట్టి ఉండాల్సింది.

రేపు అన్నం లేని రోజు. నాకూ లేదు అని చెప్పాను. అతను వద్దన్నాడు, పట్టిక అన్నాడు. పట్టిక సంగతి నేను చూసుకుంటానన్నాను. సరుకుల జాబితా నాకు ఎప్పుడొచ్చిందో అతను అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఓడకు 52 రోజులు

ఇద్దరం మెతుకు లేకుండా బంతికి కూర్చున్నాం. ఉలవచారు గిన్నెలో పోసుకున్నాను, గుడ్డు పొడితో రెండు అట్లు వేసుకున్నాను, తోటకూర ఉడకబెట్టాను. అన్నం లేకుండా ఉలవచారు తాగడమంటే చీరకట్టు లేకుండా నగలు పెట్టుకోవడమే. అతను మొత్తం తిన్నాడు. గిన్నె వంచి తెరకు చూపించాడు.

డాక్టరమ్మకు ఉన్న సంగతి చెప్పాను, నా పదకొండు రోజులు తప్ప. జవాబులో ఆవిడ గొంతు మామూలుగానే ఉంది కానీ ఊపిరి పెద్దగా వినిపించింది.

"ఇద్దరూ ఒకటే తింటే ఇంక పోల్చడానికి నాకేం మిగిలిందండీ? మీరు పట్టిక మార్చొద్దని రెండుసార్లు చెప్పాను."

రెండుసార్లు చెప్పిన మాట నిజమే. పోల్చడం తర్వాత చూద్దామండీ, ముందు మనిషిని నిలబెడదాం అన్నాను. యాభై నిమిషాలకు సరే అన్నారు. ఇద్దరికీ ఏడు రోజులూ అన్నం పెట్టేస్తే పోతుంది కదా అని అడిగాను. అదే మంచిదని చెప్పడానికి తన దగ్గర ఆధారం లేదట, తిప్పి తినడం చెడ్డదని చెప్పడానికీ లేదట, అతని ఒళ్లు ఇప్పటికి అన్నం రోజున బరువెత్తడానికి అలవాటు పడింది కాబట్టి కదిలించొద్దన్నారు. సరే, ఆవిడ చదువుకున్న మనిషి.

ఓడకు 40 రోజులు

అయిదు.

నాకు ఆకలి. అన్నం లేని నాలుగో రోజుకు చిరాకు తలకెక్కుతుంది. ఈ పొద్దున జల్లెడ మూత జారితే దాన్ని తిట్టిన తిట్లు లాగ్‌లో రాయడానికి వీల్లేదు. అన్నం రోజున బల్ల ఎక్కితే స్ప్రింగులు తేలిగ్గా అనిపిస్తాయి. అన్నం లేని రోజున బిగుతుగా, బరువుగా ఉంటాయి. వారం చివర లెక్క చూస్తే నావి పన్నెండు, ముందూ పన్నెండే.

పోశెట్టన్న బుగ్గలు కొంచెం పూడుకున్నాయి. ఆ నాలుగు రోజులూ బంతికి వస్తున్నాడు. పెసలు రుబ్బి ఉల్లిపాయ లేకుండా అట్టు వేస్తే ఎలా ఉంటుందో తిట్టుకుంటూ తింటున్నాం.

ఓడకు 19 రోజులు

ఎనిమిది. డాక్టరమ్మ నవ్వడం మొదటిసారి విన్నాను.

అతను సామాను సర్దుతున్నాడు. తెరకు అవతల గోడలు రోజురోజుకూ బోడిగా అవుతున్నాయి. ఈ రోజులన్నీ బాగున్నాయని రాస్తున్నాను. ఇంత బాగున్న రోజులు నేను కిందున్నప్పుడు కూడా లేవు. అందుకే అతను పళ్లెం కడుక్కోవడానికి లేచినప్పుడల్లా ఏడుపొస్తోంది. ఎనిమిది అనగానే చప్పట్లు కొట్టాను. ఈసారి దొంగ చప్పట్లు కావు, కానీ చేతులు చల్లగా ఉన్నాయి.

ఓడ వచ్చిన రోజు

ఓడ అధికారి కుర్రది, పేరు మెహర్. పరీక్షకు ముందే మాకు నమస్కారం పెట్టింది, మర్యాద తెలిసిన పిల్ల. అన్నం తిన్న రోజే పరీక్ష పెట్టించారు డాక్టరమ్మ.

నేను తెర ముందు కూర్చున్నాను. నా దగ్గరికి వచ్చే బొమ్మ నాలుగున్నర సెకన్ల పాతది. ఆరు, ఏడు తీశాడు. ఎనిమిదికి మోకాళ్లు వణికాయి. తొమ్మిది. పదో గుంజీకి కిందికి దిగి అక్కడే ఉండిపోయాడు. మెడ నరాలు లేచాయి. చెయ్యి కడ్డీ వైపు కొంచెం కదిలింది.

లే, అని అరిచాను. నా అరుపు అతన్ని చేరడానికి ఇంకో నాలుగున్నర సెకన్లు కావాలని, ఈపాటికి అక్కడ లేవడమో పడడమో జరిగిపోయి ఉంటుందని తెలిసే అరిచాను. మూడేళ్లలో మొట్టమొదటిసారి, ఎవరికీ చెప్పకుండా, అతను వెళ్లిపోవాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాను.

లేచాడు. పది, అంది మెహర్. అతను నిలబడి రొప్పుతుండగా నా అరుపు అక్కడికి చేరింది. పక్కకు తిరిగి తెరలోకి చూసి, లేచిన గద, అన్నాడు.

సాయంత్రం ఓడ తలుపు వేసేముందు, నాకు ఏమైనా చెప్పాలా అని అడిగాడు. చాలా ఉందన్నాను. పైలం అని మాత్రం అన్నాను, జాగ్రత్తకు వాళ్ల మాట అది. ఎనిమిదో గట్టు దీపాలు ఆర్పేశారు.

ఓడ వెళ్లాక 8 రోజులు

మధ్యాహ్నమైతే కాళ్లు వాటంతటవే తెర దగ్గరికి వెళ్తున్నాయి. రోజూ ఒక ముక్క పంపుకుంటున్నాం. ఓడ వంటగదిలో పదకొండు మంది ఉన్నారట, కూర్చోవడానికి చోటు చాలక వంతులట. అతని మాటలు చేరడానికి ఇప్పుడు రెండు నిమిషాలు.

జావ తాగాను. బల్ల మీద తొమ్మిది.

ఓడ వెళ్లాక 31 రోజులు

యంత్రం పన్ను మార్చాను. నేల తుడిచాను. నేల మీద పడ్డ మెతుకులేమీ లేవు. వండితే కదా.

బల్ల మీద ఏడు.

ఓడ వెళ్లాక 52 రోజులు

డాక్టరమ్మ నుంచి పొద్దున సందేశం. పోశెట్టన్న వైద్యం కాగితాలు ముగించాలట. తొంభై ఏడో రోజు నుంచి నేను రాసిన లాగ్ మొత్తం పంపమన్నారు. తిప్పి తినడం వల్ల లాభమైందా, కాలేదా, పోల్చడానికి వీల్లేకపోయినా రోజువారీ రాతలైనా చూస్తారట. నా గుంజీళ్లు ఎందుకు తగ్గుతున్నాయని కూడా అడిగారు.

డెబ్బై ఒకటో రోజు రాత, అరవై నాలుగో రోజు రాత. ఆ రెండూ తీసేస్తే ఎవరికీ తెలియదు. చాలాసేపు వాటి మీద వేలు పెట్టి కూర్చున్నాను. చెరపలేదు. చెరిపితే ఇంక ఇక్కడ నాతో ఉండేది ఎవరు? అబద్ధాలమారి అప్పలకొండ ఒక్కతే.

కానీ పోశెట్టన్నకు కాగితాల్లోంచి కాదు, నా నోటితోనే తెలియాలి. డాక్టరమ్మకు లాగ్ పంపేముందు అతనికి చెప్పాను. ఓడ ఇప్పుడు పదహారు నిమిషాల దూరంలో ఉంది. అంత దూరం ఉండటం మంచిదే అయింది, ఎదురుగా ఉంటే చెప్పగలిగేదాన్ని కాదు.

"అన్నా, నువ్వు తినటం లేదని నాకు పదకొండు రోజులు ముందే తెలుసు. గడిలో రాయలేదు. నువ్వు ఓడెక్కకపోతే బాగుణ్ణనుకున్నాను. నువ్వు కాళ్లు వణికి కడ్డీ పట్టుకుంటే సంతోషించినాను. నన్ను తిట్టాలనుంటే తిట్టు."

పంపేశాను. లాగ్ కూడా డాక్టరమ్మకు పంపేశాను. లాభమైందా అని ఆవిడ అడిగిన చోట ఇలా రాశాను: వారంలో మూడు రోజులు అన్నం తిన్నా, ఏడు రోజులు తిన్నా నా కాళ్లకు తేడా తెలియలేదు. బరువెత్తే రోజు తింటే మనసుకు బాగుంటుంది. అసలు తినకపోతే ఏ పట్టికా మనిషిని నిలబెట్టదు. ఎవరితో తింటారు అనే గడి మీ పట్టికలో లేదు, పెట్టించండి.

పదహారు నిమిషాలు వెళ్లడానికి, పదహారు నిమిషాలు రావడానికి. ముప్ఫై రెండు నిమిషాలు గది నాలుగు మూలలకూ తిరిగాను. ముప్ఫై రెండు దాటింది. నలభై అయింది. తిట్టడానికి మాటలు వెతుక్కుంటున్నాడనుకున్నాను. నలభై ఏడో నిమిషంలో తెర వెలిగింది.

పోశెట్టన్న ఓడ వంటగదిలో ఓ మూల నిలబడి ఉన్నాడు. వెనక గిన్నెల చప్పుడు, ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కోపమో, ఏడుపో, నిద్రలేమో నాకు అంతుపట్టలేదు. నా మొహం అతనికి ఎలా కనిపించిందో కూడా తెలియదు, యాభై రోజులుగా అద్దం చూడలేదు. ముందుకు వంగి తెరలో నన్ను వెతికినట్టు చూశాడు.

"తిన్నవా చెల్లె?"

అంతే. సందేశం అక్కడితో ఆగిపోయింది.

నిన్న తినలేదు. మొన్న ఏం తిన్నానో గుర్తులేదు. ఏడుపు ఆగాక జవాబు మీట నొక్కాను.

"తింటున్నానన్నా."

ఆ మాట అతన్ని చేరడానికి పదహారు నిమిషాలు పడుతుంది. అన్నం ఉడకడానికి పన్నెండు. లేచి బియ్యం కడిగాను.